వినపడలేదు అని టైపు చేసిన చోట

కాలేజీ మూడో అంతస్తులో సామాజిక పరిశోధన విభాగం ఉండేది. మెట్లెక్కి ఎడమకు తిరిగితే, పొడుగాటి గది చివర, కిటికీకి వీపు పెట్టి ఒకావిడ కూర్చుని ఉండేది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్, ఎదురుగా కంప్యూటర్. పెడల్ నొక్కితే రికార్డింగులో మనిషి మాట్లాడతాడు, కాలు తీస్తే నోరు మూస్తాడు.

"మా ఇంట్లో ఇలాంటిది ఒకటుంటే ఎంత సుఖమో" అనేవాడు అటెండరు, టీ గ్లాసు ఆమె బల్ల మీద పెడుతూ. ఆమెకు చెవులమ్మ అని పేరు పెట్టింది అతనే. మొదట్లో ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. తర్వాత తర్వాత ప్రొఫెసర్లు కూడా "ఇది చెవులమ్మ గారికి ఇవ్వండి" అనడం మొదలుపెట్టేసరికి, ఇక కాదంటే మాత్రం ఎవరు వింటారని ఊరుకుంది.

ఆమె పని, పరిశోధకులు జనంతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చిన ఇంటర్వ్యూలను విని అక్షరాల్లోకి దించడం. చెప్పుకోడానికి చిన్న పనే. కానీ ఎవరి కోసం దించుతున్నామన్నదాన్ని బట్టి అది మారిపోయేది. ఆ విభాగంలో ముగ్గురుండేవారు, ముగ్గురివీ మూడు దార్లు.

పెద్దాయనను అందరూ మేష్టారనేవారు. ఆయనకు మాటలకన్నా మాటల మధ్య సందులు ముఖ్యం. ఎక్కడ ఆగారు, ఎక్కడ గుటక మింగారు, అన్నది "ఆ" నా, "ఊఁ" నా, అన్నీ పడాల్సిందే. "మనిషి ఏం చెప్పాడన్నది కాదమ్మా, ఎలా చెప్పాడన్నదాంట్లోనే ఉంటుంది అంతా" అని, ఒక్క దగ్గు దగ్గర కూర్చుని గంట వాదించగలడు. ఆయన రికార్డింగు చేతికొస్తే చెవులమ్మ మెడ పట్టేసేది.

ఆయన తర్వాత ఒక కుర్ర లెక్చరరు. అతనికి దగ్గులూ గుటకలూ అక్కర్లేదు. ఎవరి చాకిరీతో ఎవరు బతుకుతున్నారు, ఇంట్లో చేసే పనికి జీతం ఎందుకు లేదు, ఆ పని ఎప్పుడూ ఆడవాళ్ళ మెడకే ఎందుకు చుట్టుకుంటుంది, ఇవీ అతని ప్రశ్నలు. మనిషి తన బాధ తను చెప్పుకుంటుంటే, దాని వెనక నిలబడి ఉన్న పెద్ద అన్యాయాన్ని వెతికేవాడు.

ఈ ఇద్దరి మీదా పెత్తనం మేడమ్‌ది. ఆవిడ పద్ధతి వేరు. "ఆ మనిషికి అది ఎలా అనిపించిందో, నాకు అదొక్కటీ చాలు. మనకు ముందే తెలుసనుకున్నవన్నీ తడి గొడుగులాగా గుమ్మం బయట పెట్టి లోపలికి రావాలి" అనేది. వరండాలో ఈ ముగ్గురూ ఒక్కోసారి ఆస్తి పంపకాల్లో తగువు పడ్డ అన్నదమ్ముల్లా గొంతులు పెంచుకునేవారు. ఒకే మనిషి మాటలు ముగ్గురికి మూడు రకాలుగా ఎలా వినిపిస్తాయని అటెండరు ఆశ్చర్యపోతే, "నాకైతే ఒక్కలాగే వినిపిస్తాయి బాబూ, వేళ్ళు నొప్పెట్టేలాగా" అనేసింది చెవులమ్మ.

పనిలో చేరిన రోజున ఆమె చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. విన్నది బయట చెప్పకూడదు. వినే గొంతు తెలిసినవాళ్ళదైతే అక్కడికక్కడ ఆపి, హెడ్‌ఫోన్లు తీసి, మేడమ్‌తో చెప్పాలి. ఒకసారి అలా జరిగింది కూడా. తన వీధిలో తాళాలు బాగుచేసే అతని గొంతు వినపడింది. ఆమె చటుక్కున లేచి వెళ్ళి చెప్పేసింది. ఆ ఫైలు వేరొకరికి ఇచ్చారు. అంతటితో అయిపోయింది. అంటే తర్వాత జరిగింది ఆమెకు నియమం తెలియక కాదు.

ఆ ఏడాది మేడమ్ చేపట్టిన పరిశోధన, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవాళ్ళ గురించి. ఆసుపత్రి ద్వారా అలాంటివాళ్ళను వెతికి, ఇళ్ళకు వెళ్ళి, తనే స్వయంగా మాట్లాడి రికార్డు చేసుకొచ్చేది. ఫైళ్ళకు పేర్లుండవు, అంకెలే. ఒక ఉదయం బయట వాన కురుస్తోంది. చెవులమ్మ కొత్త ఫైలు తెరిచి పెడల్ మీద కాలు వేసింది.

"మొదట్లో నాకేమీ తెలిసేది కాదండీ. పక్కకి ఎలా తిప్పాలో కూడా తెలీదు. ఆయన పెద్ద మనిషి, నేనేమో ఇంత…"

ఆ గొంతు వాళ్ళ అక్కది.

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. మాట అంటే మాటే. చిన్న కూతురు మొగుణ్ణి వదిలేసి పెట్టెతో సహా ఇంటికి వచ్చిన రోజున ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "నాకు ఒక్కతే కూతురు. అది లోపలుంది" అన్నాడు. లోపల అక్క ఉంది. అక్క మాట్లాడలేదు. చిన్నది అదే పెట్టెతో మెట్లు దిగింది, ఒక గది అద్దెకు తీసుకుంది, టైపు నేర్చుకుంది, బతికింది. అక్కాచెల్లెళ్ళు ఎప్పుడో ఒకసారి ఫోన్లో మాట్లాడుకునేవారు. చెల్లెలు ఏదో కాలేజీలో టైపు పని చేస్తోందని తప్ప అక్కకు ఇంకేమీ తెలియదు. 

కొన్నేళ్ళకు నాన్నకు పక్షవాతం వచ్చింది. అక్క బట్టల కొట్టులో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. ఒకసారి ఫోన్ చేసి, "నడుం పట్టేసిందే. రెండు రోజులు వచ్చి ఉంటావా?" అని అడిగింది. "నన్ను చూస్తే ఆయన ఒంటికాలి మీద లేస్తాడక్కా. నేనొస్తే ఇంకా ముదురుతుంది" అంది చెల్లెలు. అందులో నిజముంది. ఆ నిజం తనకు ఎంత అనుకూలంగా ఉందో కూడా ఆమెకు తెలుసు. అక్క మళ్ళీ అడగలేదు. ఆయన పోయిన రోజున చెల్లెలు వీధిలో అందరి వెనకా కాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసింది.

ఇప్పుడు ఆ అక్క గొంతు చెవుల్లో ఉంది. కాలు తీయాలి. లేచి నాలుగడుగులు వేస్తే మేడమ్ గది. చెవులమ్మ కాలు పెడల్ మీంచి రాలేదు. ఇంకొక్క వాక్యం విని ఆపేద్దామనుకుంది. ఆ వాక్యం తర్వాత ఇంకొకటి.

అక్క చెబుతూ పోయింది. నాన్న ఎడమ చెయ్యి ఒక్కటే పని చేసేదని, ఆ చేత్తో దుప్పటి అంచు పట్టుకుని వదిలేవాడు కాదని. మాట స్పష్టంగా రాకపోయినా తిట్లు మాత్రం చక్కగా వచ్చేవని. అక్కడ అక్క నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒకరోజు పిలుస్తున్నాడండీ. నేను వెళ్ళలేదు. మెట్ల మీదికొచ్చి కూర్చున్నాను. పిలుస్తున్నాడు, పిలుస్తున్నాడు, ఆగిపోయాడు. అప్పుడు… ఎంత హాయిగా అనిపించిందో. ఒక్క క్షణమే. వెంటనే గుండె గుభేలుమని లోపలికి పరిగెత్తాను. నిద్రపోతున్నాడు, అంతే. కానీ నాకు ఆ భయం పెద్దదా, భయానికి ముందు వచ్చిన ఆ హాయి పెద్దదా అన్నది ఇప్పటికీ తెలీదండీ."

రికార్డింగులో మేడమ్ కుర్చీ దగ్గరకు జరుపుకున్న చప్పుడు. తర్వాత మెల్లగా, "సాయానికి ఎవరైనా ఉండేవారా?" అని అడిగింది.

"నేనొక్కదాన్నేనండీ."

"తోబుట్టువులు?"

అక్క ఆగింది. ఎక్కడో కొళాయి చుక్కలు పడుతున్న చప్పుడు. "లేరు" అంది.

చెవులమ్మ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. మిగతాదంతా పొల్లు పోకుండా టైపు చేసింది, మెట్ల సంగతితో సహా. ఆ ఒక్క మాట దగ్గర వేళ్ళు కదల్లేదు. తను లేనని తనే టైపు చేయడం ఆమె వల్ల కాలేదు. అలాగని ఉందని టైపు చేసే హక్కూ లేదు. చివరకు, రికార్డింగు సరిగా లేనప్పుడు వేసే గుర్తు అక్కడ వేసేసింది: (వినపడలేదు). ఫైలు పంపించి ఇంటికి వెళ్ళి, దుప్పటి ముసుగేసుకుని పడుకుంది.

తర్వాతి వారం ముగ్గురూ ఆ ఇంటర్వ్యూ ముందేసుకుని కూర్చున్నారు. ఎక్కడైనా సందేహం వస్తే చెప్పడానికి చెవులమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకోవడం వాళ్ళ అలవాటు. మేడమ్ చాలా ఉత్సాహంగా ఉంది. ఆ హాయీ భయమూ ఉన్న భాగం చదువుతూ, "ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది ఇదే" అంది. అంతలో మేష్టారి వేలు కాగితం మీద ఒక చోట ఆగింది.

"ఇక్కడ వినపడలేదని ఉందేంటి? ముందూ వెనకా అంతా బాగానే ఉందిగా?"

"వానేమో సార్" అంది చెవులమ్మ.

"నేను వెళ్ళిన రోజు వాన లేదే" అంది మేడమ్, మామూలుగానే.

మేష్టారికి సందు దొరికితే ఊరుకుంటాడా. రికార్డింగును స్పీకర్లో పెట్టాడు. కొళాయి చుక్కలు పడ్డాయి. "లేరు" అన్న మాట గంట కొట్టినట్టు వినపడింది.

మేష్టారు మీట నొక్కి ఆపాడు. లెక్చరరు నవ్వుతూ, "చెవులమ్మ గారికి కూడా చెముడొచ్చిందన్నమాట" అన్నాడు. ఆమె నవ్వలేదు.

"ఆవిడ మా అక్కండీ" అంది. "నేను ఉన్నానండీ."

ఆ తర్వాత జరిగింది ఆమె చాలా కాలం మర్చిపోలేకపోయింది. వాళ్ళు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"'లేరు' అనడానికి ముందు ఎంతసేపు ఆగిందో గమనించారా?" అన్నాడు మేష్టారు, ఉండబట్టలేక. "నిజంగా లేని మనిషిని లేరని చెప్పడానికి అంత ఆలస్యం ఎందుకవుతుంది?"

"ఆ ఆగడం సంగతి అలా ఉంచండి సార్. ఇద్దరు కూతుళ్ళుండి కూడా చాకిరీ ఒక్కరి నెత్తినే పడిందంటే, దాని వెనక ఏముందో చూడాలి కదా. తండ్రి పెత్తనం ఉంటుంది, ఇంకొకరిని బయటికి నెట్టడం ఉంటుంది. చెల్లెలి వైపు కథ కూడా తీసుకుంటే…" అన్నాడు లెక్చరరు.

"వద్దు" అంది మేడమ్. "చెల్లెలు ఉందా లేదా అని తేల్చడం మన పని కాదు. ఆవిడ ఆ గదిలో బతికిన ఆ ఏళ్ళలో చెల్లెలు లేదు. ఆవిడకి అది అలాగే అనుభవమైంది. కాబట్టి అది అబద్ధమని ఎలా అంటాం?"

"నేను ఇక్కడే కూర్చుని ఉన్నానండీ" అంది చెవులమ్మ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లెక్చరరు మొహం ఎర్రబడింది. మేడమ్ స్పీకరు కట్టేసి, మిగతా ఇద్దరినీ బయటకు వెళ్ళమంది.

"తెలిసిన గొంతైతే ఆపెయ్యాలని మీకు తెలుసు" అంది తలుపు మూశాక.

"తెలుసు మేడమ్."

"మరి?"

"కాలు తీయలేకపోయాను."

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. ఆవిడ మనసు మంచిదే. కానీ ఆ రోజు ఆవిడ మొహంలో కోపం కన్నా భయమే ఎక్కువ కనిపించింది. "నేను వాళ్ళ ఇంట్లో కూర్చుని మాటిచ్చాను. మీరు చెప్పింది ఎవరు విన్నా, ఎవరు చెప్పారో వాళ్ళకి తెలీదన్నాను. ఆ మాట మీదే ఆవిడ నోరు విప్పింది. ఇప్పుడు నేను ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాలి."

"చెప్పకండి మేడమ్. కాళ్ళు పట్టుకుంటాను. నేను విన్నానని తెలిస్తే ఆమె తట్టుకోలేదు."

"తెలీకుండా ఉంచి, ఆమె మాటలు వాడుకోమంటారా?"

మేడమ్ మర్నాడే అక్కకు ఫోన్ చేసి చెప్పేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం చెవులమ్మ అక్క ఇంటికి వెళ్ళింది. అన్నేళ్ళ తర్వాత అవే మెట్లు. ఎక్కుతూ, అక్క ఏ మెట్టు మీద కూర్చుని ఉంటుందా అని చూసుకుని, తన ఆలోచనకు తనే సిగ్గుపడింది. అక్క తలుపు తీసి, ఎగాదిగా చూసింది. జుట్టు చాలా నెరిసింది. మణికట్టుకు పట్టీ చుట్టుకుని ఉంది.

"లోపలికి రా. ఇక్కడే నిలబడి మాట్లాడితే చుట్టుపక్కల అందరూ వింటారు. వినడం నీకైతే అలవాటే."

ముందు గదిలో ఇనప మంచం ఇంకా అలాగే ఉంది, పరుపు తీసేసి. ఇద్దరూ దానికి చెరో పక్కా కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"ఎంతవరకూ విన్నావు?"

"అంతా విన్నానక్కా."

"మెట్ల మీద కూర్చున్న సంగతి కూడానా?"

చెల్లెలు తల ఊపింది. అక్క చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది.

"ఆ సంగతి నేను నాకు కూడా చెప్పుకోలేదే ఎప్పుడూ. ఆవిడ ఎవరో, నేనెవరో. రేపు దారిలో కనపడినా పలకరించుకోం. అందుకని చెప్పాను. అవతల పారేసి చేతులు కడుక్కున్నట్టు ఉంటుందనుకున్నా. ఊళ్ళో ఇంతమంది జనం ఉంటే, అది పోయి పోయి నీ చెవిలోనే పడాలా?"

"తప్పు నాదే. ఆపేయాల్సింది."

"ఆపేయాల్సింది" అంది అక్క. ఊరడింపుగా ఒక్క మాట కూడా కలపలేదు.

వంటింట్లో కొళాయి చుక్కలు పడుతూనే ఉన్నాయి. అడగకూడదని దారంతా అనుకుంటూ వచ్చిన ప్రశ్నే చెల్లెలి నోట్లోంచి వచ్చేసింది. "నేను లేనని ఎందుకన్నావక్కా?"

"కోపంతో అన్నానని ఉందా నీకు?"

"అవును."

"కోపంతోనే అన్నాను. నడుం విరిగి నేను ఫోన్ చేస్తే నువ్వు సాకు చెప్పావు. అది నాకు గుర్తుంది, గుర్తుంటుంది." అక్క మణికట్టు పట్టీ బిగించుకుంది. "కానీ అదొక్కటే కాదు. చెల్లెలుందని చెప్తే, తర్వాత ఆవిడ ఏమడుగుతుంది? ఆమె ఏం చేసింది, ఎందుకు రాలేదు అని అడుగుతుందా లేదా? నాన్న తలుపేశాడని చెప్పనా? పోయినవాణ్ణి ఏమంటాను? నువ్వు రాలేదని చెప్పనా? ముక్కూ మొహం తెలీని మనిషి ముందు నిన్ను నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు. లేరంటే గొడవే ఉండదనుకున్నా."

"అయితే నా కోసం…"

"నీ కోసమని అనలేదు. ఇందులో ఏది ఎంతో నన్నడగకు. నాకే తెలీదు. మీ మేడమ్ కూడా ఫోన్లో అలాగే నసిగింది, ఉంచమంటారా తీసేయమంటారా, ఆలోచించుకోండి అని. తీసేయమన్నాను."

"తీసేయొద్దక్కా" అంది చెల్లెలు, కుర్చీ అంచుకు జరిగి. "నువ్వు అంత బాగా చెప్పావు. వాళ్ళు ముగ్గురూ అదే మాట…"

"బాగా చెప్పానా? మార్కులేస్తారా?" అక్క లేచి నిలబడింది. "నాన్న పిలిస్తే నేను పలక్కుండా కూర్చున్నానే. అది బాగుందా వాళ్ళకి? ఇక వెళ్ళు. సందు చివర బస్సు ఉంటుంది."

మేడమ్ ఆ ఇంటర్వ్యూను తీసేసింది. తను దాచుకున్నదీ, మేష్టారి దగ్గరున్నదీ, లెక్చరరు దగ్గరున్నదీ అన్నీ. చివరగా చెవులమ్మ కంప్యూటర్లో ఉన్నదాన్ని ఆమె చేతే తీయించింది. మేడమ్ పక్కనే నిలబడి ఉండగా మీట నొక్కింది. అక్క జన్మలో ఒక్కసారి చెప్పిన కథ అలా పోయింది. మేడమ్ కిటికీ వైపు తిరిగి, "ఇలాంటిది మళ్ళీ దొరకదు" అనుకుంది పైకే. ఆ మాట ఎవరి మీద విసుగో చెవులమ్మకు తెలియలేదు. తర్వాత పుస్తకం అచ్చయింది. అందులో వేరే ఆడవాళ్ళున్నారు, వేరే మంచాలున్నాయి.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు. కింది అంతస్తులో పరీక్షల విభాగానికి మార్చారు. అక్కడ ప్రశ్నపత్రాలు టైపు చేయాలి. మనుషుల గొంతులుండవు. మెడ నొప్పి తగ్గింది. అటెండరు మాత్రం అప్పుడప్పుడూ టీ పట్టుకుని దిగి వచ్చేవాడు. మేష్టారు ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడి, ఏదో చెప్పబోయి, గుటక మింగి, "బాగున్నావామ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆమె బాధ వేరే. అక్క మాటలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఒక్కో వాక్యం ఎక్కడ ఆగిందో, ఎక్కడ నవ్వు కలిసిందో, అన్నీ. ఏ కంప్యూటర్లోనూ లేని ఆ కథ ఆమె ఒక్కదాని దగ్గరే మిగిలింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు, అక్కతో పంచుకోనూ లేదు. అక్క ఒంటరిగా మంచం పక్కన గడిపిన రోజులు ఇప్పుడు ఇంత దగ్గరగా తెలిసి ఏం ప్రయోజనం, తెలియాల్సినప్పుడు తెలుసుకోలేదు కదా అని లోపల్లోపల కుమిలేది. అక్క తనను కాపాడిందో, కొట్టిపారేసిందో తేలేది కాదు. ఒకరోజు ఇది నిజమనిపించేది, ఇంకోరోజు అది. మేడమ్ చెప్పినట్టు తనకు తెలిసినదంతా గుమ్మం బయట పెట్టి ఆలోచిద్దామని చూసింది. గుమ్మం బయట పెట్టడానికి అది గొడుగు కాదు. తన బతుకు.

చలి తగ్గాక ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. "మంచం ఆసుపత్రి వాళ్ళకి ఇచ్చేస్తున్నా. కిందికి దించాలి. రెండో మనిషి కావాలి" అంది. ఇంకేమీ అనలేదు.

చెవులమ్మ సెలవు పెట్టి వెళ్ళింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దించడం మొదలుపెట్టారు. మలుపు దగ్గర మంచం కోడు గోడకు ఇరుక్కుంది. "నీ వైపు ఎత్తవే" అని అక్క అంటే, "ఎత్తుతూనే ఉన్నా, నువ్వు లాగేస్తున్నావు" అని చెల్లెలు. చిన్నప్పుడు పక్క దుప్పటి కోసం కొట్టుకున్నట్టే గొంతులు లేచాయి. పక్క వాటా ఆయన తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నాడు. చివరకు మంచాన్ని నిలువుగా తిప్పి, ఆయాసపడుతూ, మెట్టు మెట్టుకూ ఆపుకుంటూ దించారు.

కింద బండి వాళ్ళు మంచం ఎక్కించుకుంటుంటే, చెల్లెలు మెల్లగా, "అక్కా, ఆ రోజు నువ్వు చెప్పినవి…" అని మొదలుపెట్టింది.

"నువ్వు విన్నావుగా" అంది అక్క. "విన్నదాన్ని మళ్ళీ నాకు చెప్పకు. మోయగలిగితే నీ దగ్గరే పెట్టుకో."

బండి వెళ్ళిపోయింది. అక్క మణికట్టు రుద్దుకుంటూ, తను ఇదివరకు పనిచేసిన బట్టల కొట్టువాళ్ళు మళ్ళీ రమ్మన్నారని చెప్పింది. ముందు గదికి రంగు వేయించాలనుకుంటోందట, పనివాళ్ళు దొరకడం లేదట. "వచ్చే ఆదివారం నేనే వేసుకుంటా. తీరిక ఉంటే రా. లేకపోతే లేదు" అని, జవాబు కోసం చూడకుండా పైకి వెళ్ళిపోయింది.

ఆదివారం చెవులమ్మ వెళ్ళింది. అక్క తలుపు తీసి, చేతికి బ్రష్ ఇచ్చింది. సాయంత్రం దాకా గోడలకు రంగు వేశారు. రంగు పలచనైందా, చిక్కనైందా అన్నది తప్ప ఆ రోజు ఇద్దరి మధ్యా వేరే మాట రాలేదు. వెళ్ళేటప్పుడు మళ్ళీ రమ్మని అక్క అనలేదు. వద్దని కూడా అనలేదు.